జవాబు రాని తిట్టు

ఆబా ఊళ్ళో చెప్పులు కుట్టేవాళ్ళను లెక్కపెట్టడం కన్నా కుట్టనివాళ్ళను లెక్కపెట్టడం తేలిక. పెద్ద బజారు వెనక సందుల్లో ఏ గుమ్మం చూసినా ఎవరో ఒకరు ఆరె పట్టుకుని తోలుకి చిల్లులు పొడుస్తూనే ఉంటారు. జిగురు వాసన, మిరపకాయ పులుసు వాసన కలిసిపోయి ఏది ఏ ఇంట్లోంచి వస్తోందో తెలియదు. అలాంటి సందులో ఒక చివర ఉలోమా కొట్టు ఉంది. నలభై ఆరేళ్ళ మనిషి. ఆడవాళ్ళ చెప్పులు కుట్టడంలో ఆమెది మంచి చెయ్యి. కానీ ఆబా దాటితే ఆమె చెప్పుల సంగతి ఎవరికీ పట్టదు. అందరికీ తెలిసింది ఆమె గ్రూపు.

ఫోన్లో నడిచే ఆ గ్రూపు పేరు ‘తోలు చేతులు’. ఆరేళ్ళ కిందట పదకొండు మందితో మొదలైంది, ఇప్పుడు నాలుగు వేలు దాటింది. కానోలో తోళ్ళు నానే లందల దగ్గర తుమ్మకాయ రసంతో వాటిని పదును చేసేవాళ్ళు ఉన్నారు, గుర్రపు జీనులు చేసేవాళ్ళు ఉన్నారు, లాగోస్‌లో వారమంతా జనం పళ్ళు పీకి ఆదివారం బెల్టులు కుట్టుకునే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఎవరైనా వంకరటింకర కుట్టుతో పర్సు చేసి భయంభయంగా ఫొటో పెడితే, “మొదటిది ఇంతకన్నా బాగా ఎవడు కుట్టాడు నాయనా, నాది చూస్తే పారిపోతావు” అని పాతికమంది తమ పాత పర్సులు తీసి చూపిస్తారు. ఇలాంటి చోటు ఊరికే తయారవదు. దాని వెనక ఉలోమా ఆరేళ్ళ ఓపిక ఉంది.

గ్రూపుకి మూడు నియమాలు. ఒకటి, ఎవరి పుట్టుకా ఎత్తకూడదు. రెండు, కొత్తవాళ్ళ కుట్టు చూసి నవ్వకూడదు, మరీ నవ్వొస్తే ఫోన్ బోర్లా పెట్టి నవ్వుకోవచ్చు. మూడు, దేవుణ్ణీ ఎన్నికలనీ గుమ్మం బయట విడిచి రావాలి. రెండో నియమం తప్పినవాళ్ళకి మందలింపు, మూడోది తప్పినవాళ్ళకి వారం రోజులు బహిష్కారం. మొదటిది తప్పితే మాత్రం అప్పటికప్పుడు గెంటివేతే, మళ్ళీ మాట్లాడేది లేదు.

మొదటి నియమం మొదటిదెందుకయిందో ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. ఉలోమా నాయనమ్మని వాళ్ళ పల్లెలో బానిస అనేవారు. ఏ కాలంలోనో ఆమె ముత్తాతని ఎవరో ఎక్కడినుంచో తెచ్చుకున్నారట. ఆ ముత్తాత పోయాడు, తెచ్చుకున్నవాళ్ళూ పోయారు, మాట మాత్రం పోలేదు. ఆ మాట వినపడని చోట బతకాలనే ఉలోమా నాన్న ఆబా వచ్చి చెప్పుల పనిలో కుదురుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ సందులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. మూడు కొట్ల అవతల ఉన్న ఒకెజీకి కూడా తెలియదు, అతనిది ఆ పక్క పల్లే అయినా. పండక్కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తింటాడు. తెలిస్తే తింటాడో తినడో అని ఉలోమా చాలాసార్లు అనుకుంది.

గ్రూపులో ఉత్తరాది వాళ్ళందరూ హౌసా భాషలో రాసుకుంటారు. ఉలోమాకి ఆ భాషలో దణ్ణం పెట్టడం తప్ప ఇంకేమీ రాదు. ఆ వైపు చూసుకునేది తలాతు. జారియాలో తోలు దిండ్లు కుట్టే మనిషి, ఉలోమా కన్నా రెండేళ్ళు పెద్ద, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. ఉత్తరాది వాళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళంటే ఉలోమాకి ముచ్చట. ఒకరు మైదుగురి ఊరి క్యారి బాబా. డెబ్భై దాటాయి, రాజుగారి గుర్రాలకి జీనులూ కళ్ళేలూ చేసిన చేతులు. రెండోవాడు యోలా ఊరి గిడాడో. కత్తి ఒరలు చేస్తాడు. తెల్లారి లేస్తే ఇద్దరూ హౌసాలో ఇంతింత పొడుగు రాసుకుంటారు. వందల మంది నవ్వు బొమ్మలు పెడతారు.

“ఏం రాసుకుంటారే అంతలా?” అని ఉలోమా ఒకసారి అడిగింది.

“దారం గురించి” అంది తలాతు, ఎందుకో నవ్వు బిగబట్టి.

దారం గురించి ఇంత ప్రేమగా మాట్లాడుకునే మగవాళ్ళు ఉంటారా అని ఉలోమా మురిసిపోయింది కూడా.

ఆ మంగళవారం పొద్దున ఉలోమా ఒక పెళ్ళికూతురి చెప్పులకి అడుగులు అతికిస్తోంది. జిగురు పూశాక పది నిమిషాలు ఆరనివ్వాలి, ఆ పది నిమిషాలే ఆమె గ్రూపు చూసుకునే సమయం. వేళ్ళు జిగటగా ఉన్నాయని చిటికెనవేలితో ఫోన్ తెరిచింది. తలాతు ఊళ్ళో లేదు, చెల్లెలి బిడ్డకి పేరు పెడుతున్నారని ఫోన్ పలకని పల్లెకి పోయింది. గిడాడో ఒక కత్తి ఒర ఫొటో పెట్టాడు. ఎర్ర మేకతోలు, అంచు పొడుగునా సన్నటి ఆకుపచ్చ అల్లిక. దాని కింద క్యారి బాబా రాశాడు. ఎప్పుడూ లేనిది, ఇంగ్లీషులో రాశాడు.

“అందరూ చూడండి. ఈ గిడాడో నా బానిస. మా తాత వీడి తాతని రెండు మేకలకీ ఒక చిల్లుల గిన్నెకీ కొన్నాడు. గిన్నె కోసం మా అవ్వ ఇప్పటికీ ఏడుస్తోంది. ఇరవై ఏళ్ళు తన్ని నేర్పితే ఇవాళ్టికి ఒక ఒర తిన్నగా కుట్టాడు. బానిస పుట్టుక పుట్టినవాడు ఇంతకన్నా ఏం చేస్తాడు?”

ఉలోమాకి ఒక్క మాటే కనపడింది. మేకలూ కనపడలేదు, గిన్నె కూడా కనపడలేదు. ఇంత నెమ్మదైన ముసలాయన కడుపులో ఇంత విషమా అనుకుంది. అంత మంచి ఒర చేసి ఫొటో పెట్టిన మనిషిని నాలుగువేల మంది ముందు ఆ మాట అంటాడా? ఆ చిటికెనవేలితోనే క్యారి పేరు నొక్కి గ్రూపులోంచి తీసేసింది. తరవాత రెండు చేతులా జిగురుతోనే టైపు చేసింది.

“పుట్టుక ఎత్తినవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. వయసు ఎంతైనా సరే, పనితనం ఎంతైనా సరే. గిడాడో గారూ, మా అందరి తరఫునా మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను.”

పళ్ళ డాక్టరు “శభాష్ మేడమ్” అన్నాడు. ఒకెజీ చప్పట్లు పెట్టాడు. దక్షిణాది వాళ్ళు ఇంకో రెండొందల మంది పెట్టారు. ఉలోమా చెప్పుల వైపు చూసేసరికి జిగురు ఎండి గట్టిపడిపోయింది, అంతా గీకి మళ్ళీ మొదటినుంచి పూసుకోవాల్సి వచ్చింది.

గిడాడో నుంచి జవాబు రాలేదు. పాపం, సిగ్గుపడుంటాడు అనుకుంది. బుధవారం రాలేదు. గురువారానికి ఆమెకి ఇంకో సంగతి తట్టింది. హౌసాలో ఒక్క ముక్కా లేదు. పొద్దున్నే దణ్ణాలు పెట్టేవాళ్ళు లేరు, లందల ఫొటోలు లేవు. ఎవరూ గ్రూపు విడిచిపోలేదు, గొడవా పెట్టుకోలేదు. పిలవని ఇంట్లో కూర్చున్నట్టు ఊరికే కూర్చున్నారు.

ఆదివారం నాలుగింటికి గ్రూపులో కూటమి ఉంటుంది. ఎవరి పని దగ్గర వాళ్ళు కూర్చుని ఫోన్లో గొంతులు కలిపి మాట్లాడుకుంటారు. ఎప్పుడూ మూడు నాలుగొందల మంది చేరేవాళ్ళు, ఆ ఆదివారం అరవై మందే వచ్చారు. కలబార్ నుంచి ఒక కొత్తావిడ, తను తెప్పించుకున్న మేకతోలు అట్టలా బిరుసెక్కిపోయిందనీ, మెత్తబడాలంటే ఏం చెయ్యాలనీ అడిగింది. ఎవరూ పలకలేదు. అది క్యారి బాబా జవాబు చెప్పే ప్రశ్న. ఆవిడ ఇంకోసారి అడిగింది. కాసేపు ఆగి, “సరే, పర్లేదులెండి” అంది. ఉలోమాకి తల కొట్టేసినట్టయింది.

సోమవారం మధ్యాహ్నం తలాతు ఫోన్ చేసింది. పల్లె నుంచి బస్సు దిగీ దిగగానే గ్రూపు చూసుకుందట.

“ఏమే ఉలోమా, నీకేమైనా పిచ్చి పట్టిందా? క్యారి బాబాని గెంటేశావా?”

“గెంటనా మరి? ఆయన ఏమన్నాడో చదివావా? బానిస అన్నాడు. నలుగురిలో.”

“నలుగురిలోనే అంటారు తల్లీ! ఆరేళ్ళుగా రోజూ అనుకుంటున్నారు వాళ్ళు.”

“ఆరేళ్ళుగానా? నువ్వు దారం గురించి అన్నావు కదే.”

“నీకు చెప్తే ఇదిగో, ఇలాగే చేస్తావని.” తలాతు నవ్వబోయి ఆపుకుంది. “విను. క్యారి కనూరీవాడు. గిడాడో ఫులానీవాడు. తాతల నాడు వాళ్ళవాళ్ళు యుద్ధాలు చేసుకుని తలలు పగలగొట్టుకున్నారు. మళ్ళీ పగలగొట్టుకోకుండా ఉండాలని తిట్టుకోవడం మొదలెట్టారు. నువ్వు నా బానిసవంటే కాదు నువ్వే నా బానిసవి అనాలి. ఎవడికి కోపమొస్తే వాడు ఓడినట్టు. చావింటికి పోయినా అంతే, పెళ్ళింటికి పోయినా అంతే. అది ఆటే పిల్లా.”

“అది ఆట మాట కాదు.”

“మీ దగ్గర కాదేమో. మా దగ్గర అదే ముద్దు.” తలాతు గొంతు మెత్తబడింది. “ఇంకో సంగతి చెప్పనా? ఆయన ఇంగ్లీషులో ఎందుకు రాశాడో తెలుసా? గిడాడో ఒర అంత బాగా కుదిరింది. మనలో మనమే చదువుకుంటే ఎలా, ఆబా వాళ్ళు కూడా వీడి గొప్పతనం చూడాలని తనకి ఇంగ్లీషు మాట్లాడటమే తప్ప రాయడం రాకపోయినా కోడలి చేత రాయించాడు. ఆయన పొగిడాడే ఆ మనిషిని!”

ఉలోమా ఫోన్ పెట్టేసి, స్టూలు మీద కూలబడింది. మనసులో రెండు గొంతులు. తప్పు చేశానని ఒకటి. ఆ మాటతో ఆడుకునేవాళ్ళు ఉంటారా అని ఇంకొకటి. రెండోది మొదటిదాన్ని ఓ పట్టాన నోరెత్తనివ్వలేదు.

అయినా మంచి మనిషి కాబట్టి ఉలోమా ముందు గిడాడోకి ఫోన్ చేసింది.

“మేడమ్ గారా!” అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నాకు జవాబు తయారుగా ఉందండీ. మంగళవారం నుంచి నోట్లోనే పెట్టుకుని కూర్చున్నా. చాలా మంచి జవాబు. వాళ్ళ తాత గుర్రానికీ వాళ్ళ అవ్వకీ ముడిపెట్టి కట్టాను. ఇప్పుడెవరికి చెప్పుకోను?”

“ఆయన నంబరు మీ దగ్గరుందిగా బాబా. ఫోన్ చేసి అనకూడదా?”

“అయ్యో, ఎవరూ వినకుండా తిడితే అది ఉత్త తిట్టయిపోదూ?” మీకు ఈమాత్రం తెలియదా అన్నట్టు అన్నాడు. “పదిమందిలో అనాలి, పదిమందిలో తిరిగి అనిపించుకోవాలి. ఆయన అన్నాడు, నేను అనబోయేలోపు మీరు తలుపేశారు. ఇప్పుడా మాట గాల్లో ఆగిపోయింది. నలభై ఏళ్ళలో కనూరీవాళ్ళ మాటలు ఎన్ని పడ్డానో, ఒక్కటీ తగల్లేదు. ఇది తగిలింది మేడమ్. తిరిగి అనలేదు కాబట్టి తగిలింది. అక్కడ ఆయనకీ అంతే. నిజంగా తిట్టినవాడిలా అయిపోయాడు.”

క్యారి బాబాకి చేస్తే ఆయన ఫోన్ ఎత్తలేదు. రెండు రోజులు ఎత్తలేదు. మూడోరోజు కోడలు ఫల్మాతా ఎత్తింది.

“మామయ్య పని ముట్టుకోవడం లేదండీ. సగం కుట్టిన జీను అలాగే ఉంది. గ్రూపులో మళ్ళీ చేరమని మీరు పంపింది చూపించాను. వద్దన్నారు.”

“నేను తెలియక చేశానమ్మా. ఆ ముక్క చెప్పు. అందరి ముందూ రాస్తాను, నాకు తెలియక చేశానని.”

ఫల్మాతా లోపలికి వెళ్ళిన చప్పుడు, ఏవో గుసగుసలు. తరవాత ముసలి గొంతే వచ్చింది.

“అమ్మాయీ.”

“బాబా! క్షమించండి బాబా. నాకు తెలియలేదు.”

“నీకు తెలియంది నేనడగట్లేదు తల్లీ. నీకేం తెలుసు? అది చెప్పు. నన్ను అంత గట్టిగా గెంటావు. ఏదో తెలిసినదాని చెయ్యే అంత గట్టిగా ఉంటుంది. అసలు కారణం చెప్పకుండా గెంటావు, కారణం చెప్పి లోపలికి పిలువు. నలుగురిలో గెంటావు, నలుగురిలోనే చెప్పు. డెబ్భై మూడేళ్ళ వాణ్ణి, ఇంతకన్నా ఏమీ అడగను.”

ఆయన పాపం మామూలుగానే అడిగాడు. ఏం అడిగాడో ఆయనకి తెలియదు. ఉలోమాకి తెలుసు.

చెప్పకపోతే ఏమవుతుంది? క్యారి రాడు, గిడాడో నోరు విప్పడు, ఉత్తరాది వాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతారు. ఆరేళ్ళు పెంచిన చోటు ఆబా వాళ్ళ కబుర్లుగా మిగులుతుంది. చెప్తే ఏమవుతుంది? ఒకెజీ వింటాడు. అతని భార్య వింటుంది. సందంతా వింటుంది, పల్లె వింటుంది. ఆ మాట నుంచి తప్పించాలని నాన్న ముప్ఫై ఏళ్ళు నోరు కట్టుకుని బతికాడు. ఆయన కష్టాన్ని తన చేత్తో తను నేలపాలు చేసినట్టవుతుంది. శుక్రవారం, శనివారం ఆమె పెళ్ళికూతురి చెప్పులు పట్టుకుని ఒక్క కుట్టూ సరిగ్గా వేయలేకపోయింది. ముసలాయన మీద కోపం కూడా వచ్చింది. ఊరికే ఒక క్షమాపణ తీసుకుని ఊరుకోవచ్చుగా, ఈ పంతమేమిటి ఈయనకి అనుకుంది.

ఆదివారం చర్చినుంచి వచ్చి, అన్నం తిని, కొట్టు తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది. నాలుగింటికి కూటమి తెరిచింది. తలాతు ఉత్తరాది వాళ్ళందరికీ కబురు పెట్టింది కాబట్టి అయిదొందల మంది చేరారు. వినడానికి మాత్రమని ఒప్పుకున్న క్యారి పేరు వచ్చింది. గిడాడో పేరు వచ్చింది. ఒకెజీ పేరు కూడా వచ్చింది. అది చూసి ఉలోమా ఒక గుక్క నీళ్ళు తాగింది.

“క్యారి బాబాని నేను గెంటేశాను” అంది. “నేను చేసింది తప్పు. ఎందుకు చేశానో చెప్పమన్నారు ఆయన. చెప్తున్నాను.”

ఎక్కడో ఎవరి దగ్గరో మేక అరిచింది.

“మా నాయనమ్మని మా పల్లెలో ఆ మాట అనేవాళ్ళు. బానిస అని. ఆటకి కాదు. నాకు ఏడేళ్ళప్పుడు ఆమెతో ఏటికి పోయాను, ఆమెది పెద్ద కుండ, నాది చిన్నది. అక్కడ ఒకావిడ, మా నాయనమ్మ దించిన కుండని కాలితో పక్కకి నెట్టి, బానిసలు ముంచాక ఈ నీళ్ళు మేం తాగాలా అంది. మా నాయనమ్మ ఏమీ అనలేదు. ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. నీళ్ళు రేపు తెచ్చుకుందాంలే అంది. ఆ తరవాత చనిపోయేదాకా మిట్టమధ్యాహ్నమే పోయేది ఏటికి, ఎండలో, ఎవరూ ఉండరని. నేను ఆమె మనవరాల్ని. నాకు ఆ మాట అలా తెలుసు. ఇంకోలా తెలియదు.”

చెప్పేసింది. ఒళ్ళు తేలికవుతుందని ఎక్కడో విన్నది కానీ అలాంటిదేమీ జరగలేదు. భయం వేసింది, అంతే. తెర మీద పేర్లు చూస్తూ కూర్చుంది. ఒకెజీ పేరు కాసేపు ఉండి, మాయమైపోయింది. ఆమె దాన్ని చూసింది.

“అమ్మాయీ” అన్నాడు క్యారి.

“చెప్పండి బాబా.”

“మీ నాయనమ్మ జవాబు చెప్పలేదా?”

“లేదు బాబా.”

“తరవాతైనా? ఎప్పుడూ?”

“ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికి చెప్తుంది? చెప్పనిస్తే కదా.”

“మేం ఆ మాటని రోజూ ఇటు విసిరి అటు పట్టుకుంటాం” అన్నాడు ముసలాయన. “అందుకే అది మా చేతుల్లో చల్లగా ఉంటుంది. మీ నాయనమ్మ చేతిలో పెట్టి తిరిగి తీసుకోలేదు ఎవరూ. పాపం, పోయేదాకా మోసింది. ఇప్పుడు నువ్వు మోస్తున్నావు.” ఆగాడు. “నన్ను అను.”

“ఏమిటి బాబా?”

“ఆ మాట నన్ను అను. నాకూ మీ నాయనమ్మంత వయసు వస్తోంది. ఆ ఏటి దగ్గరావిడ నేనే అనుకో. నేను అన్నాను, ఇప్పుడు నీ వంతు. తిరిగి అను.”

“నా వల్ల కాదు బాబా. మీరు పెద్దవారు.”

“పెద్దవాడా!” గిడాడో ఇక ఆగలేకపోయాడు. “ఎవరు పెద్ద? మేడమ్, పన్నెండు రోజులుగా వరసలో నిలబడింది నేను. ముందు నా వంతు. ఒరేయ్ క్యారీ! మీ తాత మా ఇంట్లో గుర్రాల లద్దె ఎత్తేవాడు. గుర్రాలకి వాడి వాసన పడక లద్దె వెయ్యడం మానేశాయి. అప్పుడు మా అవ్వ వాణ్ణి...”

“నోరు మూసుకో బానిసా, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు” అన్నాడు క్యారి.

అయిదొందల గొంతులు ఒక్కసారి గొల్లుమన్నాయి. తలాతు నవ్వు అన్నిటికన్నా పైన వినపడింది. ఆ నవ్వులో ఎవరినీ ఎత్తిపొడవడం లేదు. తెరుచుకున్న తలుపులోంచి జనం లోపలికి వస్తున్నట్టుంది. ఉలోమాకి తెలియకుండానే పెదవి కదిలింది. కళ్ళ నిండా నీళ్ళు ఉన్నాయి.

“అమ్మాయీ, ఉన్నావా?” అన్నాడు క్యారి. “ఆ ఫులానీవాడి సంగతి తరవాత చూద్దాం. నీ కోసం చూస్తున్నాను.”

ఉలోమా నోరు తెరిచింది. ఏడేళ్ళప్పటినుంచి ఆ మాట ఆమె ఎప్పుడూ తన మాటగా అనలేదు. ఇందాక చెప్పినప్పుడు కూడా ఇతరులు అన్నారని చెప్పింది. ఇప్పుడు తను అనాలి. నాలుక మీద దాని బరువు తెలుస్తోంది.

“బానిసా” అంది.

“గట్టిగా. నాకు చెవుడు.”

“ఒరేయ్ బానిసా!” అరిచింది. సందులో కుట్టేవాళ్ళు తలలెత్తి చూసే ఉంటారు. ఆమె పట్టించుకోలేదు. “మా నాయనమ్మ ఖాళీ కుండతో వచ్చింది, నీకు కనపడలేదా? నీళ్ళేవి?”

మైదుగురి నుంచి ఆ ముసలాయన ఏమాత్రం ఆలోచించకుండా, నలభై ఏళ్ళ అలవాటుతో, రాజుగారి ముందు చేతులు కట్టుకున్నవాడి గొంతుతో పలికాడు.

“తెచ్చానమ్మా. నెత్తినే ఉంది. ఎక్కడ దించమంటారు?”

ఉలోమా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అవతల గిడాడో, ఆ కుండకి కూడా చిల్లు ఉంటుంది చూసుకోండి మేడమ్, వీళ్ళ ఇంట్లో చిల్లు లేని గిన్నె లేదు అంటున్నాడు.